రిగ్గా, ఏసిక్కా, ప్రాసెసరా: మైనింగ్‌కు ఏది మేలు?

రాత్రి రెండు దాటింది. బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలను ‘తవ్వడానికి’ (మైనింగ్), అంటే కంప్యూటరుతో లెక్కలు చేయించి సంపాదించడానికి, ఆరు గ్రాఫిక్స్ కార్డులతో కట్టిన నా రిగ్గులో ఒక కార్డు గల్లంతైంది. తెర మీద ఐదు వరుసలే కనిపిస్తున్నాయి, ఫ్యాన్లు చూస్తే ఆరూ తిరుగుతున్నాయి. పక్క గదిలో, తవ్వకానికి మాత్రమే చేసిన పాత ఏసిక్ యంత్రం అప్పటికే రెండు రోజులుగా మూడు బోర్డుల పనిని రెండింటితో నెట్టుకొస్తోంది. తెల్లవారేలోపు రిగ్గు బాగైంది. జానెడు కేబుల్ ఒకటి మార్చాను, అంతే. ఏసిక్ బోర్డు మాత్రం బీరువాలోకి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది.

మైనింగ్‌కు ఏది కొంటే మంచిదని అడిగేవారు హాష్‌రేటుతో, అంటే యంత్రం సెకనుకు చేసే లెక్కల సంఖ్యతో మొదలుపెట్టి రోజుకు ఎంత వస్తుందన్న లెక్కతో ముగిస్తారు. ఆ లెక్క వేసేది యంత్రం ఇరవై నాలుగు గంటలూ నిరాటంకంగా నడుస్తుందన్న నమ్మకం మీద. నడవదు. దుమ్ము పడుతుంది, కనెక్టరు వదులవుతుంది, డ్రైవరు మొరాయిస్తుంది, వేసవి వస్తుంది. అందుకే ఈ యంత్రాలను పోల్చమంటే నేను మొదట చూసేది అవి ఎలా చెడిపోతాయన్నది, చెడిపోయాక బాగుచేయడం మన చేతుల్లో ఎంతవరకు ఉందన్నది.

అసలు మూడు దారులు ఎందుకున్నాయో చెప్పుకోవాలి. 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు మామూలు కంప్యూటర్ ప్రాసెసరుతోనే తవ్వేవారు. 2010లో గ్రాఫిక్స్ కార్డులు రంగంలోకి దిగి ప్రాసెసర్లను పక్కకు నెట్టాయి. 2013లో ఏసిక్‌లు అమ్మకానికి వచ్చాయి. బిట్‌కాయిన్ వాడే ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఒక్క లెక్క తప్ప మరేదీ రాని చిప్పులవి. ఆ ఒక్కటే వచ్చు కాబట్టి దానిలో వాటికి పోటీ లేదు. ఇవాళ గ్రాఫిక్స్ కార్డుతో బిట్‌కాయిన్ తవ్వడం చెంచాతో చెరువు తోడటమే. కొన్ని సేవలు మీ కార్డును వేరే నాణేలు తవ్వడానికి వాడుకుని చెల్లింపు మాత్రం బిట్‌కాయిన్‌లో ఇస్తాయి. అది చూసి కార్డే బిట్‌కాయిన్ తవ్వుతోందని చాలామంది పొరబడతారు.

మరోవైపు ఏసిక్‌లను కావాలనే దూరం పెట్టిన నాణేలున్నాయి. మొనెరో 2019 నవంబరు 30న రాండమ్‌ఎక్స్ అనే పద్ధతికి మారింది. మామూలు ప్రాసెసరుకు మాత్రమే బాగా వచ్చేలా దాన్ని అల్లారు. రేవెన్‌కాయిన్ 2020లో కాపౌ పద్ధతికి మారింది, అది గ్రాఫిక్స్ కార్డుల కోసం. కాబట్టి తవ్వేది ఏ నాణెమో తేలితే యంత్రం సగం తేలినట్టే. మిగతా సగం మీ గది, మీ కరెంటు లైను, మీ ఓపిక.

అమర్చే రోజు

ఏసిక్‌ను అమర్చడం అరగంట పని. నెట్‌వర్కు కేబుల్ పెట్టి కరెంటు ఇస్తారు. రూటరు జాబితాలో దాని ఐపీ చిరునామా చూసి బ్రౌజరులో తెరిస్తే సెట్టింగుల పేజీ వస్తుంది. పూల్ (చాలామంది యంత్రాలు కలిసి తవ్వి ఆదాయం పంచుకునే సేవ) చిరునామా, ఖాతా పేరు, దాని పక్కన చుక్క పెట్టి యంత్రానికి ఒక పేరు ఇస్తే కొద్ది నిమిషాల్లో తవ్వకం మొదలవుతుంది. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును ఆ పూటే మార్చండి. అవి లోకమంతా తెలిసిన పాస్‌వర్డులు. చొరబడినవాడు చేసే మొదటి పని మీ ఖాతా పేరు చెరిపి తనది రాసుకోవడం. యంత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది, సొమ్ము మాత్రం ఇంకొకరికి పోతుంది.

అసలు తిప్పలు డబ్బా బయట. ఆంట్‌మైనర్ ఎస్21 అనే యంత్రం సెకనుకు 200 టెరాహాష్‌లు (టెరా అంటే లక్ష కోట్లు) ఇస్తూ 3,500 వాట్లు తింటుంది. 230 వోల్టుల దగ్గర అది 15 ఆంపియర్లకు పైమాట. నీళ్లు కాచుకునే హీటరూ దాదాపు అంతే తీసుకోవచ్చు, కానీ పావుగంటలో ఆపేస్తాం. దీన్ని ఆపం. ఆగకుండా నడిచే లోడు సర్క్యూటు సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది ఎలక్ట్రీషియన్లు పాటించే లెక్క. అంటే దీనికి 20 ఆంపియర్ల ప్రత్యేక లైను, సరైన ఎర్తింగ్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాటే తలపెట్టవద్దు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. యంత్రం తీసుకున్న ప్రతి వాట్ చివరికి వేడిగానే బయటికి వస్తుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి తోడిపోయగల వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఎస్21 ఒక్కటి పెట్టిన గదిలో ఒక టన్ను ఏసీ పూర్తి బలంతో నడిస్తే, ఇద్దరూ కుస్తీ పట్టి సమానంగా నిలుస్తారు. గది చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. వేడిగాలిని గొట్టంతో నేరుగా బయటికి పంపడమే దారి. ఇక ఫ్యాన్ల మోత 75 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనరు రాత్రింబవళ్లు నడుస్తోందని ఊహించుకోండి. తలుపు మూస్తే సరిపోతుందనుకున్నవారు వారంలో దాన్ని ఎక్కడికి తరలించాలా అని వెతుకుతారు.

రిగ్గు అలా కాదు. ఒకటి రెండు రోజులు పడుతుంది, అదీ పద్ధతిగా చేస్తే. పద్ధతి అంటే ఇది: మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, ఒకే ఒక్క గ్రాఫిక్స్ కార్డు. రైజర్ (పొడిగింపు తీగ) లేకుండా కార్డును నేరుగా స్లాటులో పెట్టి ఆన్ చేయాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ‘అబౌవ్ 4జీ డీకోడింగ్’ ఆన్ చేయాలి. నాలుగైదు కార్డులు దాటాక బోర్డు వాటికి చిరునామాలు ఇవ్వలేక నల్ల తెర చూపడానికి తరచూ కారణం ఈ సెట్టింగు ఆఫ్‌లో ఉండటమే. కార్డు కూర్చునే పీసీఐఈ స్లాటు వేగాన్ని జెన్ 1కో జెన్ 2కో దించాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ తనంతట తాను లేచేలా పెట్టాలి. ఆ తర్వాత ఒక్కో కార్డు చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ ఆన్ చేసి చూడాలి. ఆరు కార్డులూ ఒకేసారి బిగించి మీట నొక్కేవారిని చూశాను. తెర వెలగదు. తప్పు ఆరింటిలో ఎక్కడుందో తెలియక అన్నీ విప్పి మళ్లీ మొదటికి వస్తారు.

13 కార్డులు, 19 కార్డులు పట్టే మదర్‌బోర్డులు కూడా వచ్చాయి. నా మట్టుకు నాకు ఆరు చాలు. ఒక రిగ్గు ఆగితే ఆరు ఆగుతాయి, పంతొమ్మిది ఆగవు.

పవర్ సప్లై లెక్క కూడా చెప్పుకుందాం. కార్డుకు 120 వాట్ల చొప్పున ఆరింటికి 720, మిగతా కంప్యూటరుకు ఓ వంద, మొత్తం 820. అదే 80 శాతం సూత్రంతో చూస్తే 1,025 వస్తుంది. 1,000 వాట్ల సప్లైతో గట్టెక్కవచ్చు గానీ 1,200 వాట్లది కొంటే నిద్ర పడుతుంది.

ప్రాసెసరు మైనింగుకు అమర్చడమంటూ పెద్దగా లేదు. ఉన్న కంప్యూటర్లో ఎక్స్‌ఎమ్‌రిగ్ లాంటి ప్రోగ్రాము వేసి, పూల్, వాలెట్ (నాణేలు చేరే ఖాతా) చిరునామా రాస్తే చాలు. వాలెట్ చిరునామా అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కళ్లతో సరిచూసుకోండి. కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చేసే వైరస్‌లు నిజంగానే ఉన్నాయి. ఈ జాగ్రత్త మూడు యంత్రాలకూ వర్తిస్తుంది.

రిగ్గు రోగాలు

గల్లంతైన ఆ కార్డు దగ్గరికి వద్దాం. రిగ్గులో వచ్చే రోగాల్లో నా అనుభవంలో సగానికి పైగా రైజర్లవే. రైజర్ అంటే మదర్‌బోర్డు మీది చిన్న స్లాటు నుంచి దూరంగా ఉన్న కార్డుకు తీగ లాగే వస్తువు. ఒక చివర గోరంత బోర్డు, మరో చివర కార్డు కూర్చునే పెద్ద స్లాటు, మధ్యలో యూఎస్‌బీ 3 కేబుల్. చూడటానికి యూఎస్‌బీ కేబులే గానీ అందులో నడిచేది యూఎస్‌బీ సంకేతం కాదు. దాన్ని కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే బోర్డో కార్డో కాలవచ్చు. ఇంత సన్నని దారి ఎలా సరిపోతుందంటే, తవ్వకానికి కావలసిన పెద్ద పట్టిక ఒక్కసారి కార్డు మెమరీలోకి ఎక్కాక మదర్‌బోర్డుతో కార్డుకు మాటలు తక్కువ.

మొదటి రిగ్గు కట్టినప్పుడు నేను చేసిన తప్పు అందరూ చేసేదే. రైజర్‌తో పాటు డబ్బాలో, హార్డ్‌డిస్కులకు కరెంటిచ్చే సాటా కనెక్టరు నుంచి ఆరు పిన్నులకు మార్చే తీగ వచ్చింది. వచ్చింది కాబట్టి వాడాను. మూడో వారం గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన. వెతికితే సాటా కనెక్టరు నల్లబడి, ఒక పక్క మైనంలా జారి ఉంది. లెక్క చూసుకుంటే ఆశ్చర్యం లేదు. సాటా కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియరు, మొత్తం 54 వాట్లు. స్లాటు నుంచి కార్డు 75 వాట్ల వరకు లాగవచ్చు. అరవై కిలోల సంచి మోసేవాడి నెత్తిన ఎనభై కిలోలు పెట్టి రాత్రింబవళ్లు నిలబెట్టినట్టు. అప్పటి నుంచి రైజర్‌కు పవర్ సప్లై నుంచి వచ్చే ఆరు పిన్నుల తీగే నేరుగా ఇస్తాను, ఒక్కో తీగకు రెండు రైజర్లు మించనివ్వను. రెండు పవర్ సప్లైలు వాడేవారు కార్డుకూ దాని రైజర్‌కూ ఒకే సప్లై నుంచి ఇవ్వాలి.

కార్డు గల్లంతైనప్పుడు నేను వెళ్లే వరుస ఇది. యంత్రం పూర్తిగా ఆపి, గల్లంతైన కార్డు రైజర్‌ను పనిచేస్తున్న కార్డు రైజర్‌తో తారుమారు చేస్తాను. రోగం కార్డుతో పాటు కదిలిందా, రైజర్‌తో పాటు కదిలిందా, స్లాటు దగ్గరే నిలిచిందా? మూడు ప్రశ్నలకు మూడు బూట్‌లు చాలు. రైజర్‌తో కదిలితే ముందు యూఎస్‌బీ కేబుల్ ఒక్కటి మార్చి చూస్తాను. ఆ రాత్రి తప్పు అక్కడే దొరికింది. కేబుల్ మొదట్లో వంగి లోపలి తీగ తెగింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా అని మోసపోకూడదు. వాటికి కరెంటు వేరే తీగలో వస్తుంది, కార్డు మాట్లాడుతోందనడానికి అది సాక్ష్యం కాదు.

ఎన్విడియా కార్డులను లినక్స్ మీద నడిపేవారికి లాగ్‌లో (యంత్రం రాసుకునే చిట్టాలో) ఎక్స్‌ఐడీ 79 అనే గుర్తు ఒక్కసారైనా ఎదురవుతుంది. దాని పక్కన ఉండే వాక్యానికి అర్థం కార్డు ‘బస్సు’ నుంచి పడిపోయిందని. మదర్‌బోర్డు మీద సమాచారం నడిచే దారిని బస్సు అంటారు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, ఐదోసారి రాలేదు. కారణాలు సాధారణంగా మూడే: రైజర్, కరెంటు, అతిగా పెంచిన క్లాక్ (చిప్పు నడిచే వేగం).

క్లాక్ విషయంలో ఆశ పనికిరాదు. మెమరీ మీద ఆధారపడే పద్ధతుల్లో మెమరీ వేగం పెంచి, కోర్ వేగం, పవర్ పరిమితి తగ్గిస్తారు. కాపౌ లాంటి వాటిలో కోర్‌కూ బాగా పని ఉంటుంది, అక్కడ ఈ సెట్టింగులు చెల్లవు. మెమరీని అవసరానికి మించి పెంచితే తెర మీద హాష్‌రేటు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, పూల్ మాత్రం యంత్రం పంపిన జవాబులను (షేర్లను) తప్పుడువని తిప్పి పంపుతుంది. ప్రోగ్రాము చూపే సంఖ్య యంత్రం తన గురించి తాను చెప్పుకునేది. పూల్ చూపే 24 గంటల సగటు నిజంగా ఒప్పుకున్న పని. రెండింటికీ రెండు మూడు శాతం తేడా ఉంటే సరే. పది శాతం ఉంటే క్లాక్ దించండి. తిప్పి పంపేవి తప్పుడు షేర్లు కాక ఆలస్యమైన షేర్లైతే దోషం నెట్‌వర్కుది: వైఫై వదిలి కేబుల్ పెట్టి, దగ్గరి సర్వరు ఎంచుకుంటే తగ్గుతుంది.

జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల్లో ఇంకో చిక్కు ఉంది. చిప్పు వేడి 60 డిగ్రీలని చూపిస్తూ ఉంటుంది, మెమరీ వేడి 110 తాకి కార్డు తనను తానే నెమ్మదింపజేసుకుంటుంది. హాష్‌రేటు కారణం లేకుండా పడిపోతోందంటే ముందు మెమరీ వేడి చూడండి. కార్డు విప్పి మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు మార్చడం ఇంట్లో చేసుకోగల పనే, ప్యాడ్ మందం సరిగ్గా కొలిచి కొంటే.

విండోసా, మైనింగ్ లినక్సా?

రిగ్గు ఎంచుకున్నవారికి ఇది లోపలి పోటీ. ఒక్క కార్డు, అదీ పగలు వేరే పనికి వాడే కంప్యూటర్ అయితే విండోస్ చాలు. క్లాక్ సెట్టింగులు కళ్లముందు కనిపిస్తాయి, నేర్చుకోవడం తేలిక. కార్డులు పెరిగేకొద్దీ విండోస్ బరువవుతుంది. 8 జీబీ కార్డులు ఆరుంటే వర్చువల్ మెమరీ (మెమరీకి తోడుగా డిస్కులో కేటాయించే చోటు) 48 జీబీకి తగ్గకుండా పెట్టాలి, లేదంటే ప్రోగ్రాము ఆరో కార్డు దగ్గర కుప్పకూలుతుంది. యాంటీవైరస్ మైనింగ్ ప్రోగ్రామును వైరస్ అని తొలగిస్తుంది. దానికి మినహాయింపు ఇచ్చేముందు ప్రోగ్రామును అసలు తయారీదారు పేజీ నుంచే దించుకున్నారా అని చూసుకోండి, ఎందుకంటే దొంగ ప్రోగ్రాములూ ఇదే వేషంలో వస్తాయి. అప్‌డేట్ పేరుతో అర్ధరాత్రి యంత్రం దానంతట అది రీస్టార్టై, తెల్లారేదాకా పాస్‌వర్డు అడుగుతూ కూర్చున్న రోజులు నాకున్నాయి.

హైవ్‌ఓఎస్ లాంటి మైనింగ్ లినక్స్‌లు ఇందుకే పుట్టాయి. పెన్‌డ్రైవ్ నుంచైనా లేస్తాయి, సెట్టింగులన్నీ ఫోనులోంచి మార్చవచ్చు, హాష్‌రేటు పడిపోతే వాచ్‌డాగ్ అనే కాపలా ప్రోగ్రాము యంత్రాన్ని తిరిగి లేపుతుంది. మూడు కార్డులు దాటితే ఇదే మేలని నా అభిప్రాయం. ఒక్క మాట: పెన్‌డ్రైవ్ మీద నడపవద్దు. లాగ్‌లు అదే పనిగా రాస్తూంటే చవక పెన్‌డ్రైవులు నెలల్లో చచ్చిపోతాయి. చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి. ఇంకో సంగతి, వాచ్‌డాగ్ రోజుకు నాలుగుసార్లు రీస్టార్ట్ చేస్తోందంటే అది వైద్యం చేయడం లేదు, రోగాన్ని దాస్తోంది. క్లాక్ తగ్గించి చూడాలి.

ఏసిక్ మౌనం

ఏసిక్ చెడిపోయే తీరు వేరు. దానిలో విప్పి మార్చగలిగే భాగాలు కొన్నే: ఫ్యాన్లు, పవర్ సప్లై, కంట్రోల్ బోర్డు, లెక్కలు చేసే హాష్ బోర్డులు, వాటి మధ్య తీగలు. ఫ్యాను ఆగితే యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. కొత్త ఫ్యాను పెడితే లేస్తుంది. దుమ్ము పట్టితే వేడెక్కి ఆగుతుంది. గాలి కొట్టి శుభ్రం చేస్తే లేస్తుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకోవాలి. నెట్‌వర్కు కేబుల్, పూల్ చిరునామా చూసుకోవడం ఎలాగూ ఉంది. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

కష్టం హాష్ బోర్డు దగ్గర. ఆంట్‌మైనర్ ఎస్9 తీసుకుంటే అందులో మూడు బోర్డులు, బోర్డుకు 63 చిప్పులు, మొత్తం 189. యంత్రం లేచేటప్పుడు కంట్రోల్ బోర్డు ప్రతి బోర్డునూ ఎన్ని చిప్పులున్నాయని అడిగి, వచ్చిన జవాబు కెర్నల్ లాగ్‌లో రాస్తుంది. 63 అని ఉంటే క్షేమం. సున్నా అని ఉంటే ముందు తీగలు తారుమారు చేసి చూడాలి, రైజర్లకు చెప్పిన తర్కమే ఇక్కడా. కానీ యంత్రం పూర్తిగా ఆపాకే. కరెంటు ఉండగా బోర్డు తీగ లాగితే ఉన్న రోగానికి కొత్తది తోడవుతుంది. తీగ మార్చినా సున్నాయే అంటే, లేదా 63 బదులు 41 అని ఉంటే, ఎక్కడో ఒక చిప్పు దగ్గర గొలుసు తెగిందన్నమాట. చిప్పులు గొలుసులా ఒకదాని నుంచి ఒకటి సంకేతం అందుకుంటాయి. మధ్యలో ఒకటి మూగబోతే దాని తర్వాతివాటి మాట కూడా వినపడదు.

బియ్యపు గింజల్లా పేర్చిన చిప్పుల మీద అంటుకున్న హీట్‌సింకులు తీసి, వోల్టేజీ కొలిచి, వేడిగాలితో పాతది ఊడదీసి కొత్తది అతికించాలి. పరీక్షకు ప్రత్యేకమైన పరికరం కావాలి. చేయగలిగినవారున్నారు. నేను కాదు. ఆ బోర్డు బీరువాలోనే ఉండటానికి కారణం అదే: బాగుచేయించే ఖర్చు, దాని మిగిలిన ఆయుష్షులో అది తెచ్చే సొమ్ముకంటే ఎక్కువ తేలింది.

ప్రాసెసరు రోగాలు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. రాండమ్‌ఎక్స్‌కు 2 జీబీకి పైగా మెమరీ, ఒక్కో థ్రెడ్‌కు (ప్రాసెసరు ఒకేసారి నడిపే పనుల్లో ఒకదానికి) 2 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసరు లోపలి చిన్న, వేగమైన మెమరీ) కావాలి. 16 థ్రెడ్లున్నా క్యాష్ 16 ఎంబీ ఉన్న ప్రాసెసరులో ఎనిమిదే పెట్టాలి, ఎక్కువ పెడితే వేగం తగ్గుతుంది. ‘హ్యూజ్ పేజెస్’కు, అంటే మెమరీని పెద్ద ముక్కలుగా వాడుకోవడానికి అనుమతి ఇవ్వకపోతే వేగం బాగా పడిపోతుంది. ఎక్స్‌ఎమ్‌రిగ్ లేచేటప్పుడు అది 100 శాతం అని చూపుతోందో లేదో చూడండి. మెమరీ స్టిక్ ఒకటి కాక రెండు ఉండాలి. ల్యాప్‌టాప్ మీద మాత్రం వద్దు, దాని ఫ్యాన్లూ బ్యాటరీ ఇందుకు పుట్టలేదు.

లెక్క

ఇక సొమ్ము. ఎస్9 సుమారు 13.5 టెరాహాష్‌లకు 1,300 వాట్లకు పైగా తింటుంది, రోజుకు దాదాపు 32 యూనిట్లు. ఎస్21 రోజుకు 84 యూనిట్లు తింటుంది, కానీ యూనిట్‌కు ఎస్9 కంటే ఐదు రెట్లకు పైగా పని చేస్తుంది. 2016లో రాజ్యమేలిన యంత్రం ఇవాళ చవకగా దొరకడానికి కారణం ఇదే. బిట్‌కాయిన్ ప్రతి 2,016 బ్లాకులకు (బ్లాకు అంటే తవ్వకంతో ఖాతాపుస్తకానికి చేరే ఒక్కో పుట) లెక్క కష్టతరతను సవరిస్తుంది, కాబట్టి కొత్త యంత్రాలు దిగిన కొద్దీ మీ వాటా దానంతట అదే తగ్గుతుంది. పైగా సుమారు నాలుగేళ్లకోసారి బ్లాకు తవ్వినవారికి వచ్చే బహుమతి సగమవుతుంది. 2024 ఏప్రిల్‌లో బ్లాకుకు 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కు దిగింది. కరెంటు చాలా చవకైతే తప్ప పాత ఏసిక్ కొనడం కొండను తవ్వి ఎలుకను పట్టడం, అదీ కరెంటు ఖర్చు పెట్టి.

పూల్ లేకుండా ఒంటరిగా తవ్వుదామనేవారికి ఒక చిన్న లెక్క. నెట్‌వర్కు మొత్తం బలం 1,000 ఎగ్జాహాష్‌లు (ఒక్కో ఎగ్జాహాష్ పది లక్షల టెరాహాష్‌లు) అనుకుందాం. ఏడాదికి వచ్చే బ్లాకులు సుమారు 52,560. 200 టెరాహాష్‌ల యంత్రానికి సగటున 95 ఏళ్లకో బ్లాకు. అరచేతిలో పట్టే 1.2 టెరాహాష్‌ల బుల్లి యంత్రానికి దాదాపు 16 వేల ఏళ్లు. లాటరీ టిక్కెట్టు అనుకుని కొంటే అభ్యంతరం లేదు. లేదంటే పూల్‌లో చేరండి.

గ్రాఫిక్స్ కార్డుల వారు మాత్రం నవ్వుకోనక్కర్లేదు. 2020 డిసెంబరులో ఇథీరియం అనే నాణెం పట్టిక 4 జీబీ దాటగానే 4 జీబీ కార్డులు దాని తవ్వకంలో ఒక్కపెట్టున పనికిరాకుండా పోయాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌నే వదిలేసింది. ఆ రోజు కార్డులన్నీ చిన్న నాణేల మీదికి మళ్లడంతో వాటి ఆదాయమూ అడుగంటింది. కాస్పా లాంటి కొత్త నాణెం కొంతకాలం ఊపిరి పోసింది, 2023లో దానికీ ఏసిక్‌లు వచ్చేశాయి. అయినా కార్డుకు ఏసిక్‌కు లేని ఒక దారి ఉంది. తవ్వకం ఆగాక ఆటలకు, వీడియోలకు, ఏఐ మోడళ్లకు పనికొస్తుంది, అమ్మితే కొనేవారుంటారు. తవ్వకం ఆగిన ఏసిక్ గది హీటరు, అంతకుమించి మరేమీ కాదు.

నా తీర్పు

నేర్చుకోవాలన్న కోరికతో వచ్చినవారికి ఉన్న కంప్యూటర్ ప్రాసెసరుతో నెల రోజులు మొనెరో తవ్వమంటాను. పైసా పెట్టుబడి లేకుండా పూల్, వాలెట్, షేర్లు, వేడి అంటే ఏమిటో తెలుస్తాయి. అక్కడితో ఆగిపోయినా నష్టం లేదు. కార్డు ఇప్పటికే ఉంటే, లేదా వేరే పనికి కొనబోతుంటే, ఖాళీ సమయంలో దాన్ని తవ్వకానికి పెట్టవచ్చు. తవ్వకం ఒక్కదాని కోసమే ఆరు కార్డులు కొత్తగా కొనమని ఇవాళ ఎవరికీ చెప్పను, నేను కట్టిన రిగ్గంటే నాకెంత ప్రేమ ఉన్నా. బిట్‌కాయినే కావాలి, విడి గది ఉంది, ప్రత్యేక లైను వేయించగలను, కరెంటు చవక అంటే కొత్త తరం ఏసిక్ తప్ప వేరే మాట లేదు. వారంటీ ఉన్నదే కొనండి, బోర్డు పోయిన రోజు మీకు మిగిలేది ఆ కాగితమే.

పాతది కొనక తప్పకపోతే అమ్మేవారిని యంత్రం మీ ముందు గంట సేపు నడపమనండి. మొదటి పది నిమిషాలు అన్నీ బాగానే నడుస్తాయి; బోర్డులు వేడెక్కాకే నిజం బయటపడుతుంది. గంట తర్వాత కెర్నల్ లాగ్ తెరిపించి మూడు బోర్డుల చిప్పుల లెక్క మీ కళ్లతో చూసుకోండి. లాగ్ చూపించడానికి వెనకాడితే తీగలు చుట్టి వచ్చేయండి.